బాయిలర్ గారి లాకౌట్

మిల్టన్,
నవంబరు 20.

ప్రియమైన బావమరిది షాలేమ్ రాజుకి,

ప్రభువు నామంలో వందనాలు. మేము ఇక్కడ క్షేమం. మీరందరూ వాంకూవర్‌లో క్షేమమని తలుస్తాను.

మనిద్దరం ఫోన్లో మాట్లాడుకోవడం మీ అక్క నిషేధించి ఏడాది కావస్తోంది. మా అమ్మాయి హోప్ పెళ్ళి సంబంధం విషయంలో నువ్వక్కడా నేనిక్కడా స్పీకర్ పెట్టుకుని అరుచుకున్నాక, "ఇక మీదట మీరేం తిట్టుకున్నా కాగితం మీద తిట్టుకోండి, నా చెవులకి పడకుండా" అంది దయావతి. మొదట్లో అవమానంగా అనిపించింది కాని ఇప్పుడు అలవాటైంది. నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు. ఫోనులో ఆ సౌకర్యం లేదు.

కొత్త ఇంట్లో ఇది మాకు మొదటి చలికాలం. ఈ వీధిలో అందరివీ వేడిగాలి ఊదే ఫర్నేసులే. మన ఇంటి పాత యజమాని ఒక్కడే అభిరుచి గలవాడు, బాయిలర్ పెట్టించాడు. బేస్‌మెంట్ గోడకి చిన్న బీరువాలా తగిలించి ఉంటుంది. గ్యాస్ మంట మీద నీళ్ళు కాచి గొట్టాల్లో గది గదికీ పంపిస్తుంది. మన తెలుగు చర్చి ఫెలోషిప్‌లో ఇంకెవరింట్లోనూ ఇలాంటిది లేదు. ఇంటికి వచ్చినవాళ్ళని ముందు కిందికి తీసుకెళ్ళి అది చూపించి, తర్వాతే కాఫీ ఇస్తున్నాను.

మొన్న పొద్దున్న లేచేసరికి ఇల్లంతా చల్లబడి ఉంది. కిందికి వెళ్ళి చూస్తే బాయిలర్ తెర మీద ఎర్రటి అక్షరాలు: లాకౌట్.

నేను ఏలూరు వైపు జూట్ మిల్లులో పర్సనెల్ ఆఫీసరుగా చేసినవాణ్ణని నీకు వేరే చెప్పనక్కర్లేదు. లాకౌట్ నోటీసులు నా చేత్తో టైపు చేయించాను, నా చేత్తో గేటుకి అంటించాను. పనిచేసేవాడు చేసేది సమ్మె. యాజమాన్యం చేసేది లాకౌట్. పనిచేయడానికి పెట్టుకున్న యంత్రం నాకు లాకౌట్ ప్రకటించడం నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు.

కింద రీసెట్ అని ఒక బటన్ ఉంది. నొక్కాను. కాసేపు గొణిగి మళ్ళీ వెలిగింది. "చూశావా, మనం గట్టిగా నిలబడితే ఎంతటి లాకౌటైనా పూట తిరక్కుండా ఎత్తేస్తారు" అన్నాను మీ అక్కతో. "మీరేం నిలబడ్డారండీ, వంగి బటన్ నొక్కారు" అంది. బాయిలర్ పుస్తకంలో మాత్రం ఒక్కసారే నొక్కి చూడమనీ, మళ్ళీ ఆగితే లైసెన్సున్న టెక్నీషియన్‌ని పిలవమనీ రాసి ఉంది. పుస్తకాలు అలాగే రాస్తారు.

బేస్‌మెంట్‌లో బాయిలర్ పక్క గదిలో నిఖిల అనే అమ్మాయిని అద్దెకి పెట్టుకున్నాం. కరీంనగర్ వైపు పిల్ల. కాలేజీలో చదువుతూ కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేస్తోంది. వాళ్ళ నాన్న వీరభద్రంగారు ఫోన్ చేసి "మీ బిడ్డ లెక్క చూసుకోండ్రి సార్" అన్నారు. మా హోప్ ఎంతో మీ నిఖిల అంతే అని మాటిచ్చాను.

ఇక అసలు విశేషం. ఈసారి క్రిస్మస్ నక్షత్రం అందరికంటే ముందు నేనే కట్టాను. పాలకొల్లు నుంచి సూట్‌కేసులో మడిచి తెచ్చిన ఏడడుగుల నక్షత్రం. మనది మూల ఇల్లు కదా, పక్కగోడకి కడితే రెండు వీధులకీ కనిపిస్తుంది. ఆ గోడలోంచి రెండు తెల్ల గొట్టాలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. నక్షత్రానికని దేవుడే ముందుగా బిగించి పెట్టినట్టున్నాయి. వాటికే కట్టి, మంచుకి తడవకుండా పైనుంచి కింద బేస్‌మెంట్ కిటికీ దాకా మందపాటి ప్లాస్టిక్ షీటు కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టాను.

మీ అక్కకి ఈ మధ్య తలనొప్పి. కళ్ళజోడు మార్చుకోమన్నాను.

ఇట్లు,
సత్యవేదం


వాంకూవర్,
డిసెంబరు 1.

ప్రియమైన బావగారికి,

వందనాలు. ఇక్కడ వాన. నిన్నా వానే, రేపూ వానే.

మీ ఉత్తరం మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. లాకౌట్ ప్రకటించే హక్కు యాజమాన్యానిదే అని మీరే రాశారు. అయితే ఆ ఇంటికి యజమాని ఎవరో బాయిలర్ తేల్చేసినట్టే కదా. మీరు తొందరపడి చర్చలకి దిగకండి, ముందు యూనియన్ పెట్టుకోండి. అక్క తప్పకుండా చేరుతుంది.

వేళాకోళం అలా ఉంచి, పుస్తకంలో టెక్నీషియన్‌ని పిలవమని ఉంటే పిలవండి. నేను పోర్టులో కంటైనర్ల లెక్కలు రాసుకునేవాణ్ణి, బాయిలర్ల సంగతి నాకేం తెలియదు. కాని ఏదైనా తనంతట తాను ఆగిందంటే దానికో కారణం ఉండాలిగా. మీ మిల్లులో లాకౌట్లకి కారణం ఉండేది కాదా? ఉండేది కాదనే అక్క అంటుంది లెండి.

అక్క తలనొప్పి నాకు కొత్తగా ఉంది. చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ మంచాన పడ్డ రోజుల్లో కూడా లేచి గంజి కాచింది అక్క ఒక్కతే. డాక్టరుకి చూపించండి. నక్షత్రం ఫోటో పంపండి. ఏడడుగులంటే నాకు నమ్మకం కుదరడం లేదు, మీ అడుగులు ఎప్పుడూ కొంచెం పెద్దవి.

మీ
షాలేమ్ రాజు


మిల్టన్,
డిసెంబరు 19.

ప్రియమైన షాలేమ్ రాజుకి,

వందనాలు. ఫోటో జతచేశాను. అడుగులు లెక్కపెట్టుకో.

మంచు బాగా పడింది. ప్లాస్టిక్ షీటు మీద పేరుకుని గట్టిపడి గుడారంలా అయింది. లోపలినుంచి ఎర్రగా, పచ్చగా నక్షత్రం వెలుగుతుంటే దారిన పోయేవాళ్ళు కార్లు ఆపి చూస్తున్నారు. పాస్టరుగారు స్వయంగా "బ్రదర్ సత్యవేదం ఇంటికి దారి అడగనక్కర్లేదు, నక్షత్రం చూసుకుంటూ వెళ్ళిపోవచ్చు" అన్నారు. అందరి ముందూ అన్నారు.

పోయిన శనివారం ప్రార్థన కూటం, అదే కాటేజ్ ప్రేయర్, మనింట్లోనే. ముప్ఫైమంది దాకా వచ్చారు. నేను సహనం మీద వాక్యం చెబుతున్నాను. సరిగ్గా మంచి పట్టులో ఉండగా కింద మెట్ల దగ్గరున్న గ్యాస్ అలారం కీచుమని మొదలుపెట్టింది. వాక్యమంతా పాడైంది. బ్యాటరీ అయిపోవచ్చి అరుస్తోందని వెళ్ళి ఊడదీశాను. తీరా చూస్తే బ్యాటరీ బాగానే ఉంది. నక్షత్రం రిమోట్‌కి సరిపోయింది.

బాయిలర్ సంగతి అడిగావు. ఇప్పుడు దాదాపు రోజూ లాకౌట్ ప్రకటిస్తోంది. నేను కూడా దానికి తగ్గట్టే వ్యవస్థ ఏర్పాటు చేశాను. ప్రతిసారీ నేను మెట్లు దిగి వెళ్ళడం హోదాకి తగదు కనుక, రీసెట్ బాధ్యత నిఖిలకి అప్పగించాను. ఆ పిల్ల మంచానికీ బాయిలర్‌కీ మధ్య ఒక్క గోడే. ఆగినట్టు తెలియగానే వెళ్ళి నొక్కుతుంది. అధికారం కింది స్థాయికి అప్పగించడమంటే ఇదే.

టెక్నీషియన్‌ని ఎందుకు పిలవలేదో నీకు దాచడం దేనికి. వచ్చినవాడు బాయిలర్ ఒక్కటీ చూసి పోడు. పక్క గది చూస్తాడు. మంచం చూస్తాడు. ఇక్కడ మనిషిని పడుకోబెట్టడానికి పర్మిట్ ఉందా అంటాడు. సిటీ ఆఫీసుకి అప్లై చేయాలి, చేస్తాను, మంచు కరగనీ. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నానని నువ్వంటావు. అను.

హోప్ తను ఉద్యోగం చేసే కిచెనర్ నుంచి వచ్చి వెళ్ళింది. బాయిలర్ పుస్తకం తిరగేసి, "డాడ్, దిస్ ఈజ్ నాట్ ఎ సజెషన్. ఇట్స్ ఎ వార్నింగ్" అంది. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకి ప్రతిదీ వార్నింగే.

దయావతి కళ్ళజోడు మార్చింది. తలనొప్పి మారలేదు. కళ్ళ డాక్టరే సరైనవాడు కాదేమో.

ఇట్లు,
సత్యవేదం


వాంకూవర్,
డిసెంబరు 30.

ప్రియమైన బావగారికి,

వందనాలు. క్రిస్మస్ బాగా జరుపుకున్నాం. మీ నక్షత్రాన్ని మా చర్చిలో అందరికీ చూపించాను, ఏడడుగులే అని ఒప్పుకుంటున్నాను.

మీ ఉత్తరం చదివినప్పుడు మొదటిసారి నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు. బావగారూ, అలారం బ్యాటరీ తీసి రిమోట్‌లో వేసుకున్నానని మీరు నాతో చెబుతున్నారు, అదీ ముచ్చటగా. ముందు ఆ బ్యాటరీ దాని చోట దాన్ని పెట్టండి. నక్షత్రం రిమోట్ లేకుండా కూడా వెలుగుతుంది, మొదటి నక్షత్రానికి రిమోట్ లేదు.

రెండు సంగతులు అడుగుతాను, మీ పద్ధతిలో కాకుండా తిన్నగా జవాబు రాయండి. అక్కకి తలనొప్పి ఎప్పుడు వస్తోంది? డ్యూటీకి వెళ్ళిన రోజునా, ఇంట్లో ఉన్న రోజునా? ఆ కరీంనగర్ పిల్ల ఎలా ఉంది?

పర్మిట్ భయం నాకు అర్థమైంది. కాని సిటీవాళ్ళు వేసే జరిమానా కంటే పెద్దవి చాలా ఉన్నాయి లోకంలో. మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నాకు పెళ్ళినాటి నుంచీ తెలుసు. ఈ ఒక్కసారికి నాలుగోది లెక్కపెట్టండి.

మీ
షాలేమ్ రాజు


మిల్టన్,
జనవరి 14.

షాలేమ్ రాజుకి,

వందనాలు. నీ ఉత్తరంలో మర్యాద తగ్గుతోంది. అయినా పెద్దవాణ్ణి కనుక జవాబిస్తున్నాను.

మీ అక్క తలనొప్పి గురించి నేను కూడా గమనించాను. సీనియర్స్ హోమ్‌లో పన్నెండు గంటలు వృద్ధులకి సేవ చేసి వచ్చిన రోజు ఏమీ ఉండదు. సెలవు రోజు ఇంట్లో కూర్చుంటే మొదలవుతుంది. పని ఉన్నప్పుడు లేని నొప్పి విశ్రాంతిలో ఎలా వస్తుంది? అది మనసుకి సంబంధించినదని నా అభిప్రాయం. ప్రార్థన చేయమన్నాను.

నిఖిల సంగతి మరీ విచిత్రం. కాఫీ షాపులో హుషారుగా ఉంటుందట. ఇంటికొచ్చిందంటే నీరసం, మగత. పొద్దున్న లేపితే "అంకుల్, తల మస్తు తిరుగుతాంది, లేస్తలేను" అంటుంది. మొన్న పరీక్షకి కూడా వెళ్ళలేదు. బయట బాగుండి ఇంట్లో బాగుండకపోవడం ఏ రోగంలోనూ లేదు. మిల్లులో ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాను. దాన్ని బద్ధకం అంటారు. వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను, పాపం పెద్దమనిషి బాధపడతాడని ఊరుకున్నాను.

ఇన్ని చెబుతున్నా రీసెట్ మాత్రం మానలేదు ఆ పిల్ల, ఆ మాట ఒప్పుకోవాలి. గోడ పట్టుకుని వెళ్ళయినా సరే నొక్కి వస్తోంది.

నక్షత్రం ఇంకా దించలేదు. ప్లాస్టిక్ మంచులో గడ్డకట్టి ఊడి రావడం లేదు. ఫెలోషిప్‌లో దీన్ని కూడా భక్తి కిందే లెక్క వేస్తున్నారు.

ఈ ఉత్తరం పోస్టులో వేయమని మీ అక్కకి ఇస్తున్నాను.

ఇట్లు,
సత్యవేదం

ఒరేయ్ షాలేమూ, కవరు అంటించే ముందు చదివాను. ఈయన రాయనిది నేను రాస్తున్నాను. నిఖిల రెండు రోజుల నుంచి వాంతులు చేసుకుంటోంది. అన్నం ముట్టడం లేదు. కిందికి వెళ్తే నాకూ కాళ్ళు తేలిపోతున్నాయి. ఆ పిల్ల గాలి ఆడట్లేదని కిటికీ కొంచెం తెరిచి పెట్టుకుంటోంది, అయినా అంతే. గ్యాస్ అలారానికి కొత్త బ్యాటరీ కొనుక్కొచ్చి వేశాను. నాలుగేసి సార్లు అరుస్తోంది, ఆగుతోంది, మళ్ళీ నాలుగు. పాతదైపోయి చెడిపోయిందని మీ బావ మళ్ళీ తీసేశారు. నాకేమీ తోచడం లేదు. అక్క.


వాంకూవర్,
జనవరి 20.

బావగారికి,

ఈ ఉత్తరం మీకు చేరేసరికి ఇందులో ఉన్నదంతా మీకు తెలిసిపోయి ఉంటుంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు నా చేతులు ఊరుకోవడం లేదు.

మీ ఉత్తరం సాయంత్రం వచ్చింది. అక్క రాసిన నాలుగు ముక్కలు లిఫ్ట్ దగ్గర నిలబడి చదివాను. మా బిల్డింగులో ఆ లిఫ్ట్ పక్కనే ఒక నోటీసు అంటించి ఉంటుంది. రోజూ చూస్తాను, ఒక్కనాడూ చదవలేదు. తలనొప్పి, తల తిరగడం, వాంతులు, మగత. బయటికి వెళ్తే తగ్గుతుంది, లోపలికి వస్తే మొదలవుతుంది. అలారం నాలుగుసార్లు అరిచి ఆగి మళ్ళీ నాలుగుసార్లు అరిస్తే అది బ్యాటరీ కాదు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. రంగు లేదు, వాసన లేదు. బద్ధకమని మీరు పేరు పెట్టింది దానికి.

ఉత్తరానికి ఉత్తరం రాసే వేళ కాదు. అక్కకి ఫోన్ చేశాను. కోట్లు కూడా వెతుక్కోకుండా ఆ పిల్లని లేపి బయటికి లాక్కెళ్ళమన్నాను. బావగారిని కూడా రమ్మను, రానంటే తలుపు తెరిచి వదిలేసి నువ్వు మాత్రం ఆగకు అన్నాను. బయటికెళ్ళాకే 911కి చెయ్యమన్నాను. "నిఖిల లేవట్లేదురా" అంది. తర్వాత ఫోన్ కింద పడ్డ చప్పుడు వినిపించింది. అప్పటినుంచి ఇక్కడ కూర్చుని ఉన్నాను.

మళ్ళీ ఫోన్ మోగుతోంది. హోప్.

షాలేమ్ రాజు


మిల్టన్,
ఫిబ్రవరి 2.

షాలేమ్ రాజుకి,

వందనాలు. కిందటి ఉత్తరంలో నువ్వు వందనాలు రాయలేదు. పరిస్థితుల దృష్ట్యా పట్టించుకోవడం లేదు.

జనవరి ఇరవయ్యో తేదీన మన గృహంలో ఒక చిన్న సంఘటన జరిగింది. వివరాలు కొన్ని హోప్ ద్వారా నీకు తెలిసే ఉంటాయి. నా వైపునుంచి కూడా రికార్డులో ఉండాలని రాస్తున్నాను.

రెండు ఫైరింజన్లు, ఒక అంబులెన్సు వచ్చాయి. వీధి వీధంతా బయటికి వచ్చి చూసింది. మీ అక్క ఆ పిల్లని చంకల కింద చేతులు వేసి మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చింది. నాకు పైన సమాచారం ఆలస్యంగా అందింది. నేను వచ్చేసరికి ఇద్దరూ మంచులో కూర్చుని ఉన్నారు. హాస్పిటల్‌లో నిఖిలకి ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు లేచి తిరుగుతోంది, మాట్లాడుతోంది. ఫైర్ డిపార్ట్‌మెంట్ ఆయన ఒకరు ఒక మాట అన్నారు. అది ఇక్కడ అప్రస్తుతం.

గ్యాస్ ఆపేసి బాయిలర్‌ని ఇక వాడకూడదని ఎర్ర ట్యాగ్ కట్టారు. తర్వాత లైసెన్సున్న టెక్నీషియన్ వచ్చి చూసింది. కావ్యశ్రీ అని మన విజయనగరం అమ్మాయే. గోడలోంచి వచ్చిన రెండు తెల్ల గొట్టాల్లో ఒకటి బాయిలర్‌కి గాలి తెచ్చేది, రెండోది పొగ బయటికి పంపేది. నా నక్షత్రం, దాని మీది ప్లాస్టిక్ కలిసి ఆ పొగని బయటికి పోనివ్వలేదు. షీటు కిందే తిరిగి తిరిగి, గాలి గొట్టంలోకి మళ్ళీ వెళ్ళి మంటని పాడుచేసింది. మిగతాది బేస్‌మెంట్ కిటికీలోంచి ఆ పిల్ల గదిలోకి వెళ్ళింది. మంట సరిగ్గా లేదని తెలిసిన ప్రతిసారీ బాయిలర్ తనంతట తాను ఆగిపోయింది. లాకౌట్ అంటే అదేనట. "ఆపడమే దాని డ్యూటీ అంకుల్. మీరు ప్రతిసారీ దాన్ని మళ్ళీ లేపారు" అంది. బేస్‌మెంట్ గది గురించి ఏమీ అడగలేదు. సిటీవాళ్ళు అడిగారు.

నక్షత్రాన్ని ఫైర్‌వాళ్ళు గొడ్డలితో కొట్టి తీశారు. ఫెలోషిప్‌లో ప్రస్తుతం నన్ను చూసి మాట ఆపేస్తున్నారు.

దయావతి, నిఖిల కిచెనర్‌లో హోప్ దగ్గర ఉన్నారు. ఎప్పుడు వస్తుందో మీ అక్క చెప్పలేదు. ఆవిడ వెళ్తూ ఒక్క మాట అంది: "ఆ పిల్ల నాన్నకి జరిగింది మీరే చెప్పండి. చెప్పాక నాతో మాట్లాడండి."

అందుకని వీరభద్రంగారికి ఒక ఉత్తరం చిత్తుప్రతి తయారుచేశాను. నీ అభిప్రాయం కోసం కింద ఇస్తున్నాను.

"అయ్యా, మీ కుమార్తె నివసించుచున్న ప్రాంగణమందు వాతావరణ ప్రతికూలత వలనను, యంత్ర సంబంధిత సాంకేతిక కారణముల వలనను కొంత అసౌకర్యము సంభవించినది. తక్షణ చర్యలు గైకొనబడినవి. పరిస్థితి అదుపులో ఉన్నది. ఇందుకు చింతించుచున్నాము."

ఇట్లు,
సత్యవేదం


వాంకూవర్,
ఫిబ్రవరి 10.

బావగారికి,

వందనాలు. మర్చిపోలేదు, ఈసారి రాశాను.

మీ చిత్తుప్రతి చదివాను. మిల్లు గేటుకి అంటించడానికి బాగుంటుంది. అసౌకర్యం సంభవించింది, చర్యలు గైకొనబడ్డాయి. సంభవింపజేసింది ఎవరు? గైకొన్నది ఎవరు? మొత్తం ఉత్తరంలో ఒక్క మనిషి కూడా లేడు. వాతావరణం ఉంది, యంత్రం ఉంది, మీరు లేరు. ఆ యంత్రం ఒక్కటే ఇంట్లో తన డ్యూటీ తాను చేసింది, దాని మీదే నేరం మోపారు.

ఫైర్ ఆయన అన్న మాట అప్రస్తుతమని రాశారు. అక్క నాకు చెప్పింది. ఇంకో రాత్రి ఆ గదిలో పడుకుని ఉంటే పొద్దున్న లేచేది కాదన్నాడట. అది అప్రస్తుతం ఎలా అవుతుందో నాకు తెలియడం లేదు. మీరు మీ అమ్మాయితో సమానమని మాటిచ్చిన పిల్ల బావగారూ. హోప్ గోడ పట్టుకుని నడుస్తుంటే బటన్ నొక్కి రమ్మని పంపేవారా? నాకు కోపంగా ఉంది. ఇన్నాళ్ళూ మీ మీద వేళాకోళం చేస్తూ కూర్చున్నందుకు నా మీద కూడా ఉంది.

మీకు ఇంకో సంగతి తెలియదు. నిఖిల ఇంట్లోవాళ్ళకి అంతా చెప్పలేదట. ఏం చెప్పిందో అక్కకి కూడా చెప్పడం లేదు. అందుకే అక్క పట్టుబడుతోంది.

ఉత్తరం రాయకండి. ఉత్తరంలో అవతలివాడు అడ్డు రాలేడని మీకు ఇష్టం. ఆయన అడ్డు రావాలి. ఫోన్ చేయండి.

మీ
షాలేమ్ రాజు


మిల్టన్,
ఫిబ్రవరి 19.

షాలేమూ,

నిన్న ఫోన్ చేశాను.

పర్మిట్‌కి అప్లై చేశాను, ఆ గది తాళం వేశాను, బాయిలర్ బాగుచేయించాను, అలారాలు మేడ మీదొకటి, కిందొకటి పెట్టించాను. ఇవన్నీ ముందు చేసుకుంటూ రోజులు గడిపాను. ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు, అప్పుడు చేశాను.

వీరభద్రంగారు తన కిరాణా కొట్టులో ఉన్నారు. నా గొంతు వినగానే లేచి నిలబడ్డట్టున్నారు, స్టూలు జరిగిన చప్పుడైంది. నేను నోరు తెరవకముందే ఆయన మొదలుపెట్టారు. "సార్, మాఫ్ చెయ్యున్రి. మా పిల్ల తెల్వక ఏదో బటన్ తప్పు ఒత్తిందట గద. మీ మిషన్ ఖరాబైందట. ఫైరింజన్లు గూడ వచ్చినయట. మీకు మస్తు తకలీఫ్ ఇచ్చింది. నేనే ఫోన్ చేద్దామనుకున్న, మొకం చెల్లలే."

షాలేమూ, ఆ పిల్ల నేరం తన మీద వేసుకుంది. నేను చెప్పినట్టే చేసి, చచ్చి బతికి, ఇంటికి ఫోన్ చేసి తప్పు నాదే అని చెప్పింది. నాకు ఒక్కసారిగా అనిపించింది, ఊరుకుంటే సరిపోతుంది కదా అని. సరే పర్వాలేదులెండి అని ఫోన్ పెట్టేయవచ్చు. ఆ ఆలోచన వచ్చింది. నీకు దాచను. సిగ్గుగా ఉంది.

"ఆ పిల్ల తప్పేం లేదండీ. నొక్కమని చెప్పింది నేను" అన్నాను. గొట్టాలకి నక్షత్రం కట్టింది నేను, అలారం పీకింది నేను, టెక్నీషియన్‌ని పిలవకుండా ఆపింది నేను అని చెప్పాను. రోగమొస్తే బద్ధకమన్నానని కూడా చెప్పాను. ప్రతి వాక్యానికీ నేను, నేను అని వస్తుంటే నా నోరు నాకే కొత్తగా ఉంది. ఇంకో రాత్రి గడిస్తే ఏమయ్యేదో అది కూడా చెప్పాను.

 కొట్లో ఎవరో ఉప్పు ప్యాకెట్ రెండుసార్లు అడిగారు. ఆయన తిడతారని చూశాను. తిడితే బాగుండేది, తిట్లకి జవాబు చెప్పడం నాకు తెలుసు.

చివరికి అడిగారు. "ఆంటీకి ఎట్లున్నది సార్? మా పిల్లను ఆమెనే గద గుంజుకొచ్చింది. ఆమె గూడ గా ఇంట్లనే ఉండె, గదే గాలి పీల్చె. ఆమెను డాక్టరుకు చూపిచ్చిన్రా?"

నేను చూపించలేదు. ఆరోజు హాస్పిటల్లో ఆవిడకీ ఏవో పరీక్షలు చేసినట్టున్నారు, ఏమన్నారో నేను అడగలేదు. సిటీవాళ్ళు ఏమన్నారో అడిగాను, పాస్టరుగారు ఏమన్నారో అడిగాను. "కనుక్కుని చెబుతానండీ" అన్నాను వీరభద్రంగారితో. ముక్కూ మొహం తెలియని మనిషికి నా భార్య ఆరోగ్యం గురించి కనుక్కుని చెబుతానన్నాను.

ఆ వెంటనే కిచెనర్‌కి, మీ అక్కకి చేశాను. వీరభద్రంగారికి అంతా చెప్పేశానన్నాను. "ఊఁ" అంది. నిఖిల పడుకుందంది, అన్నం తిందంది. నేనింక ఎలా అడగాలో తెలియక కాసేపు తడుముకుని, "దయా, నీ తలనొప్పి ఎలా ఉంది" అన్నాను.

 

"ఏ నెల తలనొప్పండీ?" అంది.

సత్యవేదం